డీయూఐ తర్వాత కాలిఫోర్నియాలో కారు బీమా: నా అనుభవం

కాలిఫోర్నియాలో డీయూఐ (మద్యం లేదా మత్తులో బండి నడిపిన కేసు) పడి లైసెన్స్ సస్పెండ్ అయ్యాక, మళ్లీ బండి నడపాలంటే డీఎంవీకి, అంటే లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖకు, ఎస్ఆర్-22 చేరాలి. అదొక రకం బీమా అని మొదట్లో నేనూ పొరబడ్డాను. నిజానికి అది బీమా కంపెనీ డీఎంవీకి పంపే హామీ పత్రం. ఫలానా డ్రైవరుకు చట్టం అడిగినంత లయబిలిటీ కవరేజీ (ఎదుటివారికి చేసిన నష్టానికి కట్టే బీమా) ఉందనీ, పాలసీ ఆగిపోతే వెంటనే తెలియజేస్తామనీ అందులో కంపెనీ ఒప్పుకుంటుంది. దాఖలు రుసుము పెద్దదేం కాదు. భారమంతా ప్రీమియంలోనే ఉంటుంది. ఇక్కడ మంచి రికార్డున్న డ్రైవర్లకిచ్చే గుడ్ డ్రైవర్ తగ్గింపు కనీసం 20 శాతం. డీయూఐ పడితే పదేళ్ల దాకా అది దక్కదు.

కొటేషన్ల కోసం ఫోన్లు మొదలుపెట్టే ముందు డీఎంవీ వెబ్‌సైట్‌లో 2 డాలర్లు కట్టి నా డ్రైవింగ్ రికార్డు తీసుకున్నాను. ఏ కంపెనీ అయినా చూసేది ఆ రికార్డే. విషయం చెప్పకుండా తక్కువ ధర చెప్పించుకున్నా, రికార్డు చూడగానే ధర పెరుగుతుంది, లేదా పాలసీయే ఇవ్వరు. ఎస్ఆర్-22 దాఖలు చేస్తారా అన్నదే మొదటి ప్రశ్న కావాలి, ఎందుకంటే కొన్ని కంపెనీలు ఆ పనే చేయవు. బ్రోకరు ద్వారా వెళ్తే బ్రోకర్ ఫీజు ఎంతో, పాలసీ రద్దయితే అది తిరిగి వస్తుందో లేదో ముందే రాతలో అడగండి.

మన పేర్ల దగ్గర ఒక చిక్కుంది. ఇంటిపేరు ముందో వెనకో, రెండు మాటల పేరు కలిపో విడగొట్టో, లైసెన్సులో ఒకలా పాలసీలో ఒకలా ఉంటుంది. ఎస్ఆర్-22 మీద పేరు, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబరు డీఎంవీ రికార్డుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే పత్రం మీ రికార్డుకు ఎక్కకపోవచ్చు, సస్పెన్షన్ అలాగే ఉండిపోతుంది. దాఖలు చేశామని కంపెనీ చెప్పినంత మాత్రాన బండి తీయకండి. కొన్ని రోజులాగి డీఎంవీకి ఫోన్ చేసి, చేరిందని నిర్ధారించుకోండి. మొదటి డీయూఐ అయితే మామూలుగా డీయూఐ ప్రోగ్రాంలో (తాగి నడిపినవారి తరగతుల్లో) చేరిన రుజువు డీఎల్-107 కూడా చేరి, రీఇష్యూ ఫీజు 125 డాలర్లు కట్టాక గానీ షరతులతో నడపనిచ్చే పరిమిత లైసెన్స్ రాదు.

కనీస కవరేజీ 2025 జనవరి 1 నుంచి 30/60/15 అయింది. ప్రమాదంలో ఒక్కరి గాయాలకు 30 వేల డాలర్లు, అందరికీ కలిపి 60 వేలు, ఎదుటివారి ఆస్తికి 15 వేలు. ఈ రోజుల్లో కొత్త కారును గుద్దితే 15 వేలు చాలవు. మిగతాది మన జేబులోంచే పోతుంది. ప్రీమియం ఎంత మండుతున్నా ఆస్తి నష్టం పరిమితి పెంచుకోమనే చెబుతాను. లోన్ మీద కారు ఉంటే బ్యాంకు కొలిజన్ (గుద్దుకుంటే మన కారుకు), కాంప్రహెన్సివ్ (దొంగతనం లాంటి వాటికి) కూడా అడుగుతుంది. అవి తీసేస్తే బ్యాంకే తన తరఫున ఖరీదైన పాలసీ పెట్టి ఆ డబ్బు మన వాయిదాలో కలుపుతుంది.

సొంత కారు లేనివాళ్లకు నాన్-ఓనర్ పాలసీ మీద ఎస్ఆర్-22 దొరుకుతుంది, చవక కూడా. అయితే ఇంట్లో ఉన్న కారుకు, రోజూ వాడే కారుకు అది పనికిరాదు. కారు భార్య పేరునో భర్త పేరునో ఉంటే ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ప్రీమియం తగ్గుతుందని ఆ పాలసీలో మనల్ని ఎక్స్‌క్లూడెడ్ డ్రైవరుగా, అంటే బీమా వర్తించని డ్రైవరుగా, రాయిస్తారు. ఆ తర్వాత అవసరమై ఒక్కసారి ఆ కారు నడిపి ప్రమాదం చేస్తే బీమా పైసా ఇవ్వదు. ఎక్స్‌క్లూజన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇద్దరూ కూర్చుని చదవండి.

ఈ ఎస్ఆర్-22 వ్యవహారం మూడేళ్లు సాగుతుంది. అందులో అతి ప్రమాదకరమైనది బీమా లేని ఖాళీ రోజు. పాలసీ ఆగగానే కంపెనీ డీఎంవీకి ఎస్ఆర్-26 అనే రద్దు నోటీసు పంపుతుంది, లైసెన్స్ మళ్లీ సస్పెండ్ అవుతుంది. చాలాసార్లు కారణం చిన్నదే: ఆటోపేలో ఉన్న కార్డు గడువు ముగియడం, లేదా ఆరు నెలల రెన్యూవల్ నోటీసు పాత అడ్రసుకు వెళ్లడం. వీలైతే ఆరు నెలలది ఒకేసారి కట్టేయండి. కంపెనీ మారాలంటే కొత్త ఎస్ఆర్-22 డీఎంవీలో కనబడ్డాకే పాతది రద్దు చేయండి. కొన్ని రోజులు రెండింటికీ కట్టినా ఫరవాలేదు. ఉద్యోగం కోసం మరో రాష్ట్రానికి వెళ్లినా కాలిఫోర్నియా బాధ్యత దానంతటదే పోదు. పాత పాలసీ ఆపే ముందు డీఎంవీనీ, కొత్త బీమా కంపెనీనీ అడిగి తేల్చుకోండి.

గడువు ముగిసే తేదీ డీఎంవీ నుంచి తెలుసుకుని క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ రోజు దాటాక ఎస్ఆర్-22 తీసేయమని మీరే కంపెనీకి చెప్పాలి, లేకపోతే అది పాలసీ మీద అలాగే ఉండిపోవచ్చు. అది తీశాక వేరే కంపెనీల్లోనూ ధర అడగండి. డీయూఐ పదేళ్లు రికార్డులో ఉంటుంది కాబట్టి ప్రీమియం ఒక్కసారిగా పడిపోదు. కానీ ఎస్ఆర్-22 ఉందని అంతకుముందు కాదన్న కంపెనీల్లో కొన్ని అప్పుడు మాట్లాడతాయి.