స్క్రూలు చూసి కొన్న లాప్‌టాప్

మా తమ్ముడు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల, అంటే నీళ్ళలో గాలి కలిపే యంత్రాల, మోటార్లు రిపేరు చేస్తాడండి. కంప్యూటర్ గురించి వాడికి తెలిసింది సున్నా, పాన్ కార్డు అప్లై చెయ్యాలన్నా నా దగ్గరికే వస్తాడు. అలాంటోణ్ణి వెంటేసుకుని సికింద్రాబాద్ వెళ్ళి పాత లాప్‌టాప్ కొనుక్కొచ్చేనంటే మా ఆయన కువైట్ నుంచి ఫోన్లో ఒకటే నవ్వు. నవ్వితే నవ్వేరు గానీ వాడే లేకపోతే నేను రెండోసారి కూడా మునిగిపోయేదాన్ని.

రెండోసారి అంటే ముందొకసారి మునిగేను కాబట్టి. అది కూడా చెప్తాను.

నాకు రాజోలులో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, దస్తావేజులు, చెరువు లీజు కాయితాలు, ఏదొస్తే అది. ఇప్పటికీ తెలుగుకి అనూ ఫాంట్లు, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేరు. ఆ పేజ్‌మేకర్ వచ్చింది 2001లో, దానికి ఏ కంప్యూటరైనా ఎక్కువే, అందుకని కొత్త మిషన్ల గోల నాకెప్పుడూ పట్టలేదు. మా పెద్దది కాకినాడలో బీటెక్ సీఎస్ఈలో చేరేక పట్టించుకోవాల్సొచ్చింది. ఫస్ట్ సెమిస్టర్ అంతా నా పాత లాప్‌టాప్‌తోనే లాక్కొచ్చింది పాపం. 2016లో కొన్నది, ఐ3 ఐదో జనరేషన్, 4 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే హార్డ్ డిస్కు. "ఆన్ చేసి స్నానానికెళ్ళొచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉంటున్నాయమ్మా" అనేది. పైగా కుడివైపు బందు ఊడిపోయి మూత తెరిస్తే వెనక్కి వాలిపోతుంది, వెనకాల గోడకి పుస్తకాలు ఆనించి దాని మీద ఈ మూత ఆనించి చదువుకునేదిట. అక్టోబరు 14, 2025తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు కూడా ఆపేసేరు కదా, విండోస్ 11 ఎక్కిద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, మాది ఐదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఇంక అడగనైనా అడగలేదు, లాప్‌టాప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టేసి అరిసెలు తినడానికెళ్ళిపోయింది. అర్థమైపోయింది నాకు.

బడ్జెట్ 35 వేలు అనుకున్నాను. ముందు అమలాపురం వెళ్ళి కొత్తవి చూసేం. షోరూమ్ కుర్రాడు ఒకటి చూపించి "మేడం ఇది రైజెన్ 5, 7000 సిరీస్, లేటెస్ట్" అన్నాడు. లోపలి చిప్పు నంబరు రాసుకొచ్చేను, 7520యు. ఇంటికొచ్చేక పెద్దది చూసి చెప్పింది, ఈ నంబర్లో మొదటి అంకె కాదంట చూడాల్సింది, మూడోది. మూడోది 2 అంటే లోపల లెక్కలు చేసే కోర్లు జెన్ 2 రకం, అంటే 2019 నాటి డిజైను, చిప్పు మాత్రం 2022లో కొత్తగా వచ్చింది. కొత్త సంచిలో పాత బియ్యం అన్నమాట, బియ్యమైతే పాతవే నయం గానీ చిప్పులకి అలా కాదు కదా. దాని కంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉంటుంది, 8 జీబీ అంటే జన్మంతా 8 జీబీయే.

ఇంకోటి ఇంటెల్ ఐ3-1215యు చిప్పుది, 36 వేలు. అది మాత్రం తీసిపారేసేది కాదండి, నిజం చెప్పాలంటే స్పీడులో నేను చివరికి కొన్న పాత ఐ5కి ఏమీ తీసిపోదు, ఏడాది గ్యారంటీ, కొత్త బ్యాటరీ. తిరిగే ఓపిక లేనివాళ్ళు అడిగితే అదే కొనుక్కోమని చెప్తాను. నాకు ఎక్కడ నచ్చలేదంటే స్క్రీను. నేను పెన్‌డ్రైవ్‌లో ఒక శుభలేఖ ఫైలు పట్టుకెళ్ళేను, పసుపు బోర్డరు, మధ్యలో కుంకుమ రంగు అక్షరాలు, ప్రింటు ఎలా వస్తుందో నాకు కంఠతా వచ్చు. అది ఈ స్క్రీను మీద తెరిస్తే కుంకుమ కాస్తా ఇటికరాయి రంగులోకి వచ్చేసింది. అడిగితే "మేడం ఫుల్ హెచ్‌డీ" అంటాడు. ఫుల్ హెచ్‌డీ అనేది చుక్కలెన్నో చెప్తుంది, రంగులెన్నో చెప్పదు కదా బాబూ. రంగుల కొలత ఎన్‌టీఎస్‌సీ అని ఒకటుంది, పెట్టె మీద చిన్నక్షరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే అర్థం ఇదే, ఎరుపులు తేలిపోతాయి. కోడింగ్ చదివే పిల్లకి కుంకుమ రంగు ఎందుకూ అని మీరనచ్చు, మా పెద్దదీ అదే అంది. సెలవుల్లో నా పని కూడా దాని మీద చేయించుకుందామని నా ఆశ, అది దానికి చెప్పలేదు.

మా ఆయనేమో "ఆ పాత సరుకెందుకు, నేను పంపిస్తాను" అని. మా వైపు ఇంటికొకరు గల్ఫులోనే ఉంటారు కాబట్టి వచ్చేవాళ్ళకి లోటు లేదు, పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి ఒక లాప్‌టాప్ డ్యూటీ కట్టకుండా తెచ్చుకోవచ్చు కూడా. పక్కింటి కుర్రాడిది అలా వచ్చిందే, కీల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు. దాంతో ఇబ్బందేం లేదు గానీ ఏదన్నా పోతే మళ్ళీ ఎవరో వెళ్ళేదాకా దాన్ని బీరువాలో పెట్టుకోవాలి. వద్దన్నాను.

ఇంక సెకండ్ హ్యాండు. ఆన్‌లైన్లో ఒకచోట 17,500కి ఎనిమిదో జనరేషన్ ఐ5 కనపడింది, మెరిసిపోతోంది ఫొటోలో, కొట్టేసేను ఆర్డరు. వారం రోజులు బానే పనిచేసింది. పెద్దదానికి అందులో ఎవరివో సాఫ్ట్‌వేర్లు కనపడి, మొత్తం తుడిచేసి మొదట్నుంచి పెట్టుకుందామని రీసెట్ కొట్టింది. నెట్ తగలగానే స్క్రీన్ మీద ఎవరిదో కంపెనీ పేరు, స్వాగతం, మీ ఆఫీసు ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి అని. మనకెక్కడిది ఆఫీసు. తర్వాత తెలిసింది, కంపెనీలు వాడేసిన లాప్‌టాప్‌లని టోకున అమ్మేస్తాయి, అమ్మేముందు తమ పేరు మీంచి తీసెయ్యాలి, తియ్యకపోతే ఆ మిషన్ నంబరు మైక్రోసాఫ్ట్ దగ్గర వాళ్ళ పేరునే ఉండిపోతుంది, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అదే వస్తుంది. రోజూ దస్తావేజులు టైపు చేసేదాన్ని, తాకట్లేమైనా ఉన్నాయేమో చూపించే ఈసీ తీయించకుండా స్థలం కొనద్దని పదిమందికి చెప్పేదాన్ని, నేనే ఈసీ చూడకుండా కొన్నట్టయ్యింది. వెనక్కి పంపి డబ్బులు రాబట్టుకునేసరికి పన్నెండు రోజులు, రోజుకి రెండు ఫోన్లు.

అప్పుడే అనుకున్నాను, కంటితో చూసి, చేత్తో పట్టుకుని కొనాలని. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు, అక్కడికెళ్దామని. ఒక్కదాన్నే వెళ్తే బావుండదని తమ్ముణ్ణి రమ్మన్నాను. మా కోనసీమలోకి కోటిపల్లి వైపు నుంచి రైలు వస్తుందని ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం, అది వచ్చేలోపు చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు వెళ్ళి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడమే.

పొద్దున్నే టిఫిన్ చేసి పదకొండింటికల్లా షాపుల్లో పడ్డాం. మొదటి షాపులో అతను వరసగా నాలుగు లాప్‌టాప్‌లు పెట్టేడు, అన్నీ తళతళా. నేను ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత అని మొదలుపెట్టేలోపే మా తమ్ముడు ఒకదాన్ని బోర్లా తిప్పేసేడు. ఫోన్లో టార్చి వేసి కింద స్క్రూలు చూస్తున్నాడు. షాపతను కంగారు పడి "అన్నా, ఏం చూస్తున్నారు?" అన్నాడు. వీడు మాట్లాడడు. తర్వాత ఇంకోటి తిప్పేడు. మూడోదాని దగ్గర ఆగి నాకు మెల్లిగా చెప్పేడు, "అక్కా, ఇది మనదాంట్లోదే, సముద్రం దగ్గర తిరిగిన మిషను."

ఎలా తెలుసురా అంటే చూపించేడు. స్క్రూ తలల గాడిలో ఎర్రగా తుప్పు. యూఎస్‌బీ పెట్టే కన్నంలో లోపల రేకు అంచుకి తెల్లటి పొక్కులు. ఇయర్‌ఫోన్ గుచ్చేచోట పచ్చగా చిలుము. పైన చూస్తే మాత్రం కొత్త పెళ్ళికూతురు, మూత మీద వెండి రంగు స్టిక్కరు నున్నగా అంటించేసి ఉంది. వాడన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "ఏరియేటర్లైనా ఇంతేనక్కా, పాత మోటారుకి పైన రంగేసి అమ్మేస్తారు, బోల్టులకి ఎవడూ రంగెయ్యడు. నేను బోల్టులే చూస్తాను."

ఉప్పుగాలి సంగతి మనకి తెలిసిందే అనుకుంటాం గానీ ఏం చేస్తుందో ఎప్పుడూ ఆలోచించం. ఉప్పు గాల్లో తేమని పట్టి అక్కడే ఉంచుతుందిట, ఆ తడి మీంచి కరెంటు నడుస్తుంటే రాగి కొంచెం కొంచెంగా తినేసుకుపోతుంది. చెరువు గట్టు మీద ప్యానెల్ బోర్డులు రెండేళ్ళకే పోయేది అందుకే అంటాడు. లోపల బోర్డు మీద వెంట్రుకంత తీగెలుండే లాప్‌టాప్‌కి ఇంకెంత చెప్పండి. మూల పెట్టేసిన మిషన్ తొందరగా పోతుంది, రోజూ వాడితే ఆ వేడికి తడి ఆరుతుంది అని కూడా చెప్పేడు. అప్పట్నుంచీ మా ఇంట్లో బీరువాలో దాచుకున్న వస్తువులన్నిటి మీదా అనుమానం పట్టుకుంది నాకు.

నాలుగోదానికి తుప్పు లేదు గానీ స్క్రూల గాడి అరిగిపోయి గుండ్రంగా అయిపోయింది, అంటే చాలాసార్లు విప్పేరు. "రెండుసార్లు విప్పితే తప్పు లేదు, ర్యామ్ వేసుంటాడు. ఇంతలా అరిగిందంటే రోగం దొరక్క విప్పుతూనే ఉన్నాడు" అన్నాడు. లేచి బయటికొచ్చేశాం.

మూడో షాపులో దొరికింది. డెల్ లాటిట్యూడ్ 5420, ఐ5-1145జీ7, పదకొండో జనరేషన్. కింద స్క్రూలు శుభ్రంగా ఉన్నాయి, సర్వీస్ ట్యాగ్ అని ప్రతి మిషన్‌కీ ఉండే నంబరు ఫోన్లో డెల్ సైట్లో కొడితే ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయల్దేరిందో చూపించింది, 2021. ఇందులో నాకు నచ్చింది ర్యామ్‌కి రెండు స్లాట్లు ఉండటం. ఇదే కంపెనీ ఇదే ఏడాది వచ్చిన 7420 చూడ్డానికి ఇంకా సన్నగా నాజూగ్గా ఉంటుంది, అందులో ర్యామ్ అతికించేసి ఉంటుంది. సన్నగా ఉన్నది కొనేసేవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. షాపులో 8 జీబీది ఒకటి, 16 జీబీది ఒకటి ఉన్నాయి. తర్వాత వేసుకుందాంలే అని 8 అన్నాను, అప్పుడే వీడియో కాల్లో ఉన్న పెద్దది అరిచినంత పని చేసింది. ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, ఇప్పుడే తీసుకోమని. ఇంకో సంగతి కూడా చెప్పింది, ఒక్క ర్యామ్ ముక్కే ఉంటే ఈ చిప్పు తన గ్రాఫిక్స్‌ని ఐరిస్ ఎక్స్ఈ అని కాకుండా ఉత్త యూహెచ్‌డీ అని చూపిస్తుంది, రెండు ముక్కలూ ఉంటేనే పూర్తి బలం. చూస్తే 16 జీబీదాంట్లో ఎనిమిదీ ఎనిమిదీ రెండున్నాయి. సరే అదే.

బ్యాటరీ రిపోర్టు కూడా అదే తీయించింది, నల్ల స్క్రీన్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అంటే ఒక పేజీ వస్తుంది. బ్యాటరీ ఎంత ఛార్జి పట్టగలదో అందులో ఉంటుంది, కొత్తగా ఉన్నప్పుడు 63 వేల చిల్లర మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కిస్తే 51 వేలు. అంటే ఎనభై శాతం పైనే, బానే ఉన్నట్టు. అంతకుముందు షాపులో చూసినదానికి 42 వేలకి 19 వేలే వచ్చింది, అతనేమో "నాలుగ్గంటలు గ్యారంటీ మేడం" అంటున్నాడు అప్పటికీ.

అప్పుడు నేను నా పట్టు పట్టేను. ఇక్కడే రీసెట్ కొట్టాలి, నా ఫోన్ నెట్‌కే కలపాలి, నా కళ్ళ ముందు. "మేడం మేం ఫార్మాట్ చేసే ఇస్తాం" అన్నాడు. మళ్ళీ చెయ్యండి అన్నాను. నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో అతను వేరే బేరాలు చూసుకున్నాడు, మా తమ్ముడు కిందకెళ్ళి రెండు టీలు తాగొచ్చేడు, నేను కదల్లేదు. నెట్ తగిలింది, ఏ కంపెనీ పేరూ రాలేదు, మామూలుగా మీది ఏ దేశం, ఏ కీబోర్డు అని అడిగింది. ఆ ప్రశ్న చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. చివర్లో శుభలేఖ తెరిచేను. కుంకుమ రాలేదండి, ఉన్నమాట చెప్పాలి, ఇదీ కొంచెం ఇటికరాయే. కాకపోతే పక్కనుంచి చూసినా రంగు మారలేదు, ఐపీఎస్ ప్యానెల్. సరిపెట్టుకున్నాను.

29 వేలన్నాడు, 26,500కి తెగింది, బిల్లుతో, ఆర్నెల్లు షాపు గ్యారంటీతో. ఇంకో ఐదొందలు తగ్గించేవాడేమో, మా తమ్ముడు అప్పటికే "బావుందన్నా మిషను" అని మెచ్చేసుకున్నాడు. బేరమాడేటప్పుడు వీణ్ణి బయట నిలబెట్టాలి ఈసారి.

వచ్చేక తెలిసిన లోపాలు కూడా చెప్పాలి. బరువే, పిల్ల బ్యాగు మోసుకుంటూ గొణుగుతుంది. స్పీకర్లు నీరసం. కెమెరా మరీ అన్యాయం, వీడియో కాల్లో అది పొగమంచులోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. కీబోర్డు మాత్రం ఎంత బావుందో, నేను ఒకరోజంతా పెద్దకర్మ కార్డులు దాని మీదే కొట్టేను.

మొన్న ఆదివారం హాస్టల్లో దింపొచ్చేను. రాత్రి ఫోను, "అమ్మా ఛార్జర్ మర్చిపోయాను" అని. నా గుండె గుభేలుమంది. అదేమో తాపీగా, "ఏం కాదులే, టైప్ సీ కదా, నా రూమ్‌మేట్ ఛార్జర్ పెడితే ఎక్కుతోంది" అంటుంది. ఆ సంగతి నేను కొన్నప్పుడు చూడనే లేదు. ఛార్జరింకా ఇక్కడే నా టేబుల్ మీద ఉంది, వచ్చే వారం తమ్ముడు మోటారు సామాన్ల కోసం కాకినాడ వెళ్తాడట, పూతరేకుల పొట్లంతో పాటు వాడి చేతికే ఇచ్చి పంపించాలి.