గ్యాలరీ ప్లగిన్ తీసేశాం, మొక్కల పేర్లు దక్కించుకున్నాం

కడియపులంకలో మా మావయ్య నర్సరీకి వర్డ్‌ప్రెస్‌లో (వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేసిన వెబ్‌సైట్ ఒకటి ఉంది, దాన్ని నేనే చూస్తుంటాను. బయటి రాష్ట్రాల నుంచి లారీ లోడు లెక్కన కొనేవాళ్లు ముందు అందులో ఫొటోలు చూసి, అవే వాట్సాప్‌లో పంపి రేటు అడుగుతారు. ఆ ఫొటోలన్నీ ఒక గ్యాలరీ ప్లగిన్‌లో, అంటే వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలో ఉండేవి. దానికి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఈలోగా పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) 7.4 వెర్షన్ తీసేసి 8కి మారుస్తున్నామని హోస్టింగ్ వాళ్ల నుంచి మెయిల్. 7.4కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగాయి కాబట్టి వాళ్లనీ అనలేం. పాత ప్లగిన్ 8లో నడుస్తుందన్న నమ్మకం లేదు, తీసేయాల్సిందే.

డీయాక్టివేట్, ఆ తర్వాత డిలీట్. చూడ్డానికి రెండు క్లిక్కుల పని. అయినా లైవ్ సైట్ ముట్టుకోకుండా ఫైళ్లు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసి, కాపీ సైట్‌లో ఆపి చూశాను. గులాబీల పేజీలో గులాబీలు మాయం. స్క్వేర్ బ్రాకెట్ల మధ్య ప్లగిన్ పేరూ ఒక నంబరూ మిగిలాయి. షార్ట్‌కోడ్ (పేజీలో ప్లగిన్‌ను పిలిచే గుర్తు) అంతే, ప్లగిన్ లేకపోతే ఉత్త అక్షరాలు. అసలు టెన్షన్ వర్డ్‌ప్రెస్ మామూలుగా ఫొటోలు చూపించే మీడియా లైబ్రరీ తెరిచాక మొదలైంది. అక్కడా ఫొటోలు లేవు. ఈ ప్లగిన్ ఫొటోలను వర్డ్‌ప్రెస్ అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో కాకుండా సొంత ఫోల్డర్‌లో, వాటి పేర్లను డేటాబేస్‌లో సొంత టేబుల్‌లో దాచుకుంది. డిలీట్ నొక్కితే నడిచే అన్‌ఇన్‌స్టాల్ ఫైలు తెరిస్తే, ఆ టేబుల్‌ను కూడా కొట్టేయమని రాసుంది.

ఫొటోలదేముంది, మళ్లీ తీసుకోవచ్చు. పేర్లే ఆస్తి. పువ్వు లేని మొక్క ఫొటో చూసి అది ముద్ద నందివర్ధనమో రేకు నందివర్ధనమో చెప్పడం నా వల్ల కాదు. మావయ్య చెప్పగలడు గానీ, వానలు పడి లోడింగ్ జోరుగా సాగే రోజుల్లో ఆయన్ని కంప్యూటర్ ముందు ఎవరు కూర్చోబెడతారు? "ఒకసారి చెప్పాను కదరా, మళ్లీ మొదటికొస్తావేంటి" అన్నాడు.

ముందు ఆ టేబుల్‌ను పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోంచి (డేటాబేస్ తెరిచి చూసే టూల్) సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా దింపాను. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగంతా పిచ్చి గుర్తులే. డేటా మెనూలోంచి తెచ్చుకుని, ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే పేర్లన్నీ సరిగ్గా వచ్చాయి. అప్పుడు బయటపడింది ఇంకో గొడవ: ఒకే మొక్క ఒకచోట నూరువరహాలు, ఇంకోచోట నూరు వరహాలు, మరోచోట ఇక్సోరా. కొనేవాళ్లు ఇక్సోరా అనే వెతుకుతారు కాబట్టి దాన్ని టైటిల్‌లో ఉంచి, తెలుగు పేరు క్యాప్షన్‌లో పెట్టాను.

ఫొటోలను మీడియా లైబ్రరీలోకి ఎక్కించడానికి డబ్ల్యూపీ-సీఎల్ఐ (వర్డ్‌ప్రెస్‌ని టైపు చేసిన కమాండ్లతో నడిపే టూల్) వాడాను. అందులో మీడియా ఇంపోర్ట్ కమాండ్‌కి ఫైలుతో పాటే టైటిల్, క్యాప్షన్, ఆల్ట్ టెక్స్ట్ (ఫొటో కనిపించనప్పుడు దాని బదులు వచ్చే వివరణ) ఇవ్వొచ్చు. షీట్‌లో ఒక్కో వరసకి ఒక్కో కమాండ్ తయారయ్యేలా ఫార్ములా రాసుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. ప్రతి ఫొటోకీ వర్డ్‌ప్రెస్ చిన్నాపెద్దా కాపీలు చేసి పెడుతుంది కాబట్టి హోస్టింగ్‌లో ఎంత జాగా ఉందో ముందే చూసుకోవాలి.

పేజీల్లో షార్ట్‌కోడ్ తీసి గ్యాలరీ బ్లాక్ పెట్టడం మాత్రం చేత్తోనే చేశాను. 2018లో వర్డ్‌ప్రెస్ 5.0తో, పేజీని ముక్కలుగా (బ్లాకులుగా) పేర్చే బ్లాక్ ఎడిటర్ వచ్చాక మామూలు ఫొటోల వరసకి వేరే ప్లగిన్ అక్కర్లేదని నా అభిప్రాయం. అన్నీ మార్చాక పోస్టుల టేబుల్‌లో ఆ షార్ట్‌కోడ్ పేరుతో వెతికితే ఇంకా కొన్ని దొరికాయి. ఒకటి విడ్జెట్‌లో (పేజీ పక్కనో కిందో వచ్చే చిన్న పెట్టె) నక్కింది. విడ్జెట్లు ఆప్షన్స్ టేబుల్‌లో ఉంటాయి, అక్కడా వెతకాలి.

ఆ తర్వాతే లైవ్‌లో అదంతా చేసి, ప్లగిన్ డిలీట్ కొట్టాను. టేబుల్ పోయింది, ఆప్షన్స్‌లో మిగిలిన దాని సెట్టింగులు నేనే తీసేశాను. పాత ఫొటోల ఫోల్డర్‌ను మాత్రం కదపలేదు. పాత వాట్సాప్ మెసేజుల్లోని లింకులు నొక్కి ఇప్పటికీ ఆ ఫొటోలు చూస్తున్నవాళ్లు సర్వర్ లాగ్‌లో కనిపిస్తున్నారు. ఆ లింకులను కొత్త ఫొటోలకు 301 రీడైరెక్ట్ చేస్తూ (పాత అడ్రస్ నొక్కితే శాశ్వతంగా కొత్తదానికి వెళ్లేలా) వస్తున్నాను, క్రోటన్ల దాకా అయింది.