15 సెకన్ల టైమౌట్, రెండు సబ్బుల పెట్టెలు

ఊళ్లలో కిరాణా షాపులు తిరిగి ఆర్డర్లు రాసుకునే సేల్స్‌మెన్ కోసం మేం ఫ్లట్టర్‌లో (మొబైల్ యాప్‌లు కట్టే టూల్‌కిట్) ఒక యాప్ చేశాం. ఒకరోజు ఏజెన్సీ నుంచి ఫోన్. సబ్బుల పెట్టె ఒకటి చెబితే వ్యాన్ వాళ్లు రెండు దించారట, షాపాయన రెండోది తీసుకోనంటున్నాడట. డేటాబేస్ తీసి చూస్తే అదే షాపు, అదే సరుకు, 18 సెకన్ల తేడాతో రెండు ఆర్డర్లు. సేల్స్‌మన్‌ని అడిగితే, "ఫెయిల్ అయింది, మళ్లీ ట్రై చేయండి అని వచ్చిందన్నా, అందుకే మళ్లీ నొక్కాను" అన్నాడు. అతను చేసింది కరెక్టే. తప్పంతా నేను రాసిన లైన్‌లో ఉంది.

సర్వర్‌కి ఆర్డర్ పంపే ఫ్యూచర్ (జవాబు తర్వాత వచ్చే పని) చివర టైమౌట్ (ఎదురుచూసే గడువు) తగిలించి 15 సెకన్లు ఇచ్చాను, అది దాటగానే వచ్చే టైమౌట్ ఎక్సెప్షన్‌ని (ఎర్రర్‌ని) పట్టుకుని ఫెయిల్ అని చూపించాను. కానీ ఫ్లట్టర్ కోడ్ రాసే భాష డార్ట్‌లో ఆ టైమౌట్ అసలు పనిని ఆపదు, మనం ఎదురుచూడటం మానేస్తాం, అంతే. హోటల్లో టీ చెప్పి, ఆలస్యమైందని లేచి వెళ్లిపోయినా లోపల మాస్టర్ టీ పెడుతూనే ఉంటాడు కదా, ఇదీ అలాంటిదే. పైగా ఆలస్యంగా జవాబొచ్చినా, ఎర్రర్ వచ్చినా డార్ట్ దాన్ని చప్పుడు చేయకుండా పక్కన పడేస్తుంది, అందుకే మా లాగ్స్‌లో ఏమీ దొరకలేదు.

డార్ట్‌లో నెట్ రిక్వెస్టులు పంపే డియో లైబ్రరీలో, పంపినదాన్ని మధ్యలో ఆపే క్యాన్సిల్ టోకెన్ ఉంది కదా అనొచ్చు. ఉంది, వాడాలి కూడా, అనవసరంగా నెట్ తినదు. కానీ అది ఆపేది ఫోన్ వైపు మాత్రమే, రిక్వెస్ట్ అప్పటికే సర్వర్‌కి చేరి ఉంటే ఆర్డర్ పడిపోయినట్టే.

అందుకని ఆర్డర్ స్క్రీన్ తెరవగానే ఫోన్‌లోనే ఒక ఐడీ తయారుచేసి, ఎన్నిసార్లు నొక్కినా అదే ఐడీ పంపేలా మార్చాం. సర్వర్ టేబుల్‌లో ఆ ఐడీ కాలమ్‌కి యునిక్ (ఒకే విలువ రెండుసార్లు పడకూడదన్న నియమం) పెట్టాం, అదే ఐడీ మళ్లీ వస్తే కొత్తది రాయకుండా పాత ఆర్డర్ వివరాలే తిరిగి పంపుతుంది. ఫెయిల్ అన్న మాట తీసేసి "ఆర్డర్ చేరిందో లేదో చూస్తున్నాం" అని పెట్టాం, అప్పుడు యాప్ నిజంగానే ఆ ఐడీతో సర్వర్‌ని అడుగుతుంది.

ఇంకో అలవాటు చూస్తే నాకు నిజంగా భయం. ఆర్డర్ల లిస్ట్ తెచ్చేటప్పుడు కొందరు ఆన్‌టైమౌట్‌లో (గడువు దాటితే నడిచే కోడ్‌లో) ఖాళీ లిస్ట్ తిరిగిస్తారు, ఎక్సెప్షన్ గొడవ ఉండదని. స్క్రీన్ మీద "ఆర్డర్లు లేవు" అని కనిపిస్తుంది, సేల్స్‌మన్ అది నమ్మి మొత్తం మళ్లీ ఎంటర్ చేస్తాడు.

ఫ్లట్టర్ కాకపోయినా డిఫాల్ట్‌లు ఒకసారి చూసుకోండి. ఓకే‌హెచ్‌టీటీపీలో (ఆండ్రాయిడ్‌లో వాడే నెట్ లైబ్రరీ) కనెక్ట్, రీడ్, రైట్ టైమౌట్లు తలా 10 సెకన్లు, కానీ మొత్తం కాల్‌కి డిఫాల్ట్‌గా పరిమితే లేదు. రీడ్ టైమౌట్ లెక్క డేటా రాకుండా ఆగిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంది, కాబట్టి డేటా చుక్కచుక్కగా వస్తున్నంతసేపు అది తగలదు. కాల్ టైమౌట్ మీరే పెట్టాలి. ఐఫోన్ల ఐఓఎస్‌లో నెట్ పనులు చూసే యూఆర్ఎల్ సెషన్‌లో రిక్వెస్ట్‌కి 60 సెకన్లు, మొత్తం రిసోర్స్‌కి 7 రోజులు! ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష కోట్లిన్‌లో, గడువు దాటితే విత్‌టైమౌట్ విసిరేది క్యాన్సిలేషన్ ఎక్సెప్షన్‌లో ఒక రకం, పట్టుకోకపోతే లాంచ్ చేసిన కొరొటీన్ (వెనకాల నడిచే పని) క్రాష్ కూడా లేకుండా ఆగిపోతుంది, లోడింగ్ చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అవసరమైన చోట నేను, ఎక్సెప్షన్ బదులు నల్ (ఖాళీ విలువ) ఇచ్చే విత్‌టైమౌట్‌ఆర్‌నల్ వాడతాను.

ఇప్పుడు ప్రతి రిలీజ్ ముందు టెస్ట్ సర్వర్‌లో ఆర్డర్ సేవ్ అయ్యాక జవాబు 20 సెకన్లు ఆలస్యం చేయిస్తాను. సేవ్ నొక్కి, టైమౌట్ రాగానే మళ్లీ నొక్కి, టేబుల్ తెరిచి చూస్తాను. ఒక్క వరుసే ఉండాలి.