మాకు 1983 కూడా లేదు తాతయ్యా

ఇంకో ఎనిమిది ఔట్లు. అవి కూడా తీసి ఉంటే మా బేస్‌బాల్ జట్టు సియాటిల్ మెరీనర్స్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్ ఎవరో తేల్చే ఫైనల్, ఆడేవాళ్లు. 1977లో మొదలైన జట్టు ఇది. మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్ గడప తొక్కనిది ఇదొక్కటే. 2025 అక్టోబర్ 20న టొరంటోలో బ్లూ జేస్ జట్టుతో, వరల్డ్ సిరీస్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే ఆఖరి, ఏడో మ్యాచ్‌లో, ఏడో ఇన్నింగ్స్ దాకా 3-1తో మనదే పైచేయి. అప్పుడు జార్జ్ స్ప్రింగర్ బ్యాటింగ్‌కి వచ్చాడు. బేస్‌ల మీద ఇద్దరు బ్లూ జేస్ ఆటగాళ్లున్నారు. మన పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) బజార్డో వేసిన బంతిని తీసుకెళ్లి ఎడమవైపు స్టాండ్స్‌లో వేశాడు. హోమ్ రన్, ఆ ఇద్దరితో కలిపి మూడు పరుగులు. 4-3. చేతిదాకా వచ్చింది, నోటిదాకా రాలేదు.

ఆ రోజు దీపావళి. మ్యాచ్ మా టైము ప్రకారం సాయంత్రం ఐదు దాటాక మొదలైంది, పూజ సంధ్యవేళకి. పద్నాలుగేళ్ల మా అమ్మాయి పట్టులంగా కట్టుకుని, దాని మీద మెరీనర్స్ ఆటగాడు క్యాల్ రాలీ 29 నంబరు జెర్సీ వేసుకుంది. మార్చుకోమని నేను అడగలేదు. ఇన్నింగ్స్ మారిన ప్రతిసారీ లేచొచ్చి గుమ్మం దగ్గర ప్రమిదల్లో నూనె పోసి, ఒత్తులు సర్ది, మళ్లీ పరుగున టీవీ ముందుకెళ్లేది. మూడో ఇన్నింగ్స్‌లో హూలియో రోడ్రిగెజ్ హోమ్ రన్ కొట్టాడు, ఐదో ఇన్నింగ్స్‌లో రాలీ కొట్టాడు. నైవేద్యానికి పరమాన్నం దించుతూ నేనూ అరిచాను. చివరికి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు ముగ్గురూ వరసగా స్ట్రైకౌట్ అయ్యారు. ఆఖరి బంతికి బ్యాట్ ఊపి మిస్సయింది హూలియోనే. అమ్మాయి కార్పెట్ మీద బోర్లా పడుకుని ఏడ్చింది.

పండక్కొచ్చిన స్నేహితులు, అందరూ మంచివాళ్లే, "ఆటే కదమ్మా, లే, లడ్డు తిను" అన్నారు. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "మరీ ఇంత అమెరికన్ అయిపోతే ఎలా?" అంది. అప్పట్నుంచీ ఈ రెండు మాటల గురించే ఆలోచిస్తున్నాను. ఇది రాస్తున్నదీ అందుకే.

నేను ఒంగోలు నుంచి సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ వచ్చింది 2001 వేసవి మొదట్లో. హెచ్-4 వీసా. అప్పట్లో ఆ వీసా మీద వచ్చిన భార్యలకి ఉద్యోగం చేసే వీలు లేదు. కారు నడపడం రాదు, పొద్దున వెళ్లిన మనిషి చీకటి పడ్డాక వచ్చేవాడు. అంతకుముందు ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు వదిలేసి వెళ్లిన రేడియో ఒకటి వంటింట్లో ఉండేది. అందులో డేవ్ నీహాస్ గొంతు వినపడేది. మెరీనర్స్ మొదటి మ్యాచ్ నుంచీ ఆ జట్టుకి కామెంటరీ చెప్పిన మనిషి. ఆయన చెప్పేది మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆ గొంతులో తొందర ఉండేది కాదు, అందుకే కట్టేయబుద్ధయ్యేది కాదు. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వినీ వినీ బంటంటే ఏంటో, డబుల్ ప్లే అంటే ఏంటో తెలుసుకున్నాను. ఇక్కడి ఇంగ్లిష్ నా చెవికి అలవాటు చేసింది ఆయనే. 2010లో ఆయన పోయారని తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

ఆ 2001లో మెరీనర్స్ 162 మ్యాచ్‌లలో 116 గెలిచారు. 1906లో చికాగో కబ్స్ పెట్టిన రికార్డుని సమం చేశారు. ఇచిరో జపాన్ నుంచి వచ్చిన మొదటి ఏడు అదే. సన్నగా ఉండే ఒక ఆసియా కుర్రాడి పేరు స్టేడియం మొత్తం ఒకే గొంతుతో పిలుస్తుంటే, ఊరికి కొత్తగా వచ్చిన నాకెంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను. ఆ తర్వాత సెప్టెంబర్ 11 వచ్చింది. వారం రోజులు ఆటలు ఆగాయి. 19న తమ డివిజన్‌లో (గ్రూపులో) మొదటి స్థానం ఖాయమైన రాత్రి షాంపేన్ పొంగించుకోకుండా, జెండా పట్టుకుని మైదానం చుట్టూ నెమ్మదిగా నడిచారు, మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశారు. బయటికెళ్తే జనం నా మొహం వంక ఎలా చూస్తారోనని బెదిరిపోయి ఉన్న రోజులవి. ఆ రాత్రి మాత్రం ఊరితో కలిసి నేనూ ఏడ్చాను. ఇక్కడ నేను పరాయిదాన్ని కాదనిపించింది మొదటిసారి అప్పుడే. అంత గొప్పగా ఆడిన జట్టు మరుసటి నెలలోనే న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత ఇరవై సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు.

మా అమ్మాయి పుట్టింది ఆ కరువులోనే. పాలు పట్టేటప్పుడు కూడా మ్యాచ్ పెట్టుకునేదాన్ని. పుట్టుకతో మెరీనర్స్ అభిమాని అంటే మాటవరసకి కాదు. 2022 సెప్టెంబర్ 30న రాలీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో ఆ కరువు తీరినప్పుడు దానికి పదకొండేళ్లు. రెండు వారాలకే హ్యూస్టన్‌తో పద్దెనిమిది ఇన్నింగ్స్ మ్యాచ్ 1-0తో పోయింది. ఓడిపోవడం దానికి కొత్త కాదు.

2025 మాత్రం వేరు. క్యాచర్ (క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాంటివాడు) అయిన రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. అంతకుముందు ఏ క్యాచర్ కూడా 50 దాటలేదు. రోజంతా గొంతుక్కూర్చుని బంతులు పట్టే క్యాచర్ మోకాళ్ల మీద ఎంత భారం పడుతుందో తెలిసినవాళ్లకే ఆ సంఖ్య విలువ తెలుస్తుంది. మా అమ్మాయి వాళ్ల సాఫ్ట్‌బాల్ టీమ్‌లో క్యాచర్, దానికి తెలుసు. అక్టోబర్ 10న డెట్రాయిట్‌తో పదిహేను ఇన్నింగ్స్ ఆడి, పొలాంకో కొట్టిన సింగిల్‌తో గెలిచిన రాత్రి అది అసలు నిద్రపోలేదు. టొరంటోలో మొదటి రెండు మ్యాచ్‌లూ మనవే. ఐదోదాంట్లో మన సువారెజ్ గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టాక, ఇంకొక్కటి గెలిస్తే చాలు అన్నంత దగ్గరికొచ్చాం. ఆ ఒక్కటే రాలేదు.

ఇప్పుడు "ఆటే కదా" అనే మాటకొస్తాను. 2023 నవంబర్ 19న, అహ్మదాబాద్ ఫైనల్ కోసం, మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లన్నిట్లో అర్ధరాత్రి పన్నెండున్నరకి లైట్లు వెలిగాయి. వరసగా పది మ్యాచ్‌లు గెలిచిన జట్టు. ట్రావిస్ హెడ్ 137 కొట్టి కప్పు పట్టుకుపోయాడు. మావారు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆయన దగ్గర కూర్చుని "ఆటే కదండీ" అన్నవాళ్లెవరూ లేరు. అప్పుడు పన్నెండేళ్ల పిల్ల వాళ్ల నాన్నకి టీ పెట్టిచ్చి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. మనం పుట్టిన ఊరి జట్టు ఓడితే అది బాధ, మన పిల్లలు పుట్టిన ఊరి జట్టు ఓడితే అది మొండితనమా? నేను ఒప్పుకోను. పిల్లకి తెలుగు నేర్పాలి, కూచిపూడికి పంపాలి, పండగలు చెయ్యాలి. అవన్నీ మా ఇంట్లో జరుగుతున్నాయి, జరుగుతాయి. అలాగని అది పుట్టిన నేల మీద దానికి మమకారం ఉంటే, మన వాటాలోంచి ఏదో తరిగిపోయినట్టు లెక్కలు వెయ్యకూడదు. ఆ మమకారం కూడా దానికి నా నుంచి వచ్చిందే, ఆ వంటింటి రేడియో నుంచి.

ఆ రాత్రి దాన్ని ఎవరూ లేపొద్దన్నాను. కాసేపటికి మా నాన్న ఒంగోలు నుంచి వీడియో కాల్ చేశారు, అక్కడ తెల్లవారి కాఫీ వేళ. ఆయనకి బేస్‌బాల్ ఓనమాలు తెలియవు, ఓటమి సంగతి మాత్రం తెలుసు. మనవరాలి కళ్లు చూసి, పండగ మాటలేవీ ఎత్తకుండా, "ఏ ఇన్నింగ్స్‌లో పోయిందమ్మా?" అని అడిగారు. అది ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. మన పిచర్ వూ అలిసిపోయాక ఇచ్చిన వాక్ (బ్యాటర్‌ని ఊరికే బేస్ మీదికి పంపడం) నుంచి, మున్యోస్‌ని కాకుండా బజార్డోని ఎందుకు దించారన్నదాకా, మేనేజర్ డాన్ విల్సన్ మీద ఉన్న కోపమంతా వెళ్లగక్కింది. తెలుగులోనే, మధ్యమధ్యలో ఇంగ్లిష్ కలుపుతూ. ఆయన ఓపికగా విని, "1983లో కప్పు గెలిచాం. మళ్లీ 2011 దాకా, ఇరవై ఎనిమిదేళ్లు ఎదురుచూశాం. 2003లో పాంటింగ్ మా నోరు కొట్టాడు. వస్తుందమ్మా, ఆగాలి" అన్నారు.

"తాతయ్యా, మీకు 1983 ఉంది. మాకు అది కూడా లేదు."

ఆయన దగ్గర దానికి జవాబు లేదు. కొంచెంసేపు ఊరుకుని, "అది నిజమే. మీది మాకంటే కష్టం" అన్నారు. ఆ మాట విన్నాకే అది లేచి మొహం కడుక్కుంది. బయట ఆరిపోయిన ప్రమిదల్లో మళ్లీ నూనె పోసి వెలిగించింది, లడ్డు కూడా తింది. పెద్దవాళ్లు తన బాధని కొలిచి, సరైన తూకం చెప్పాలని పిల్లలు ఎదురుచూస్తారని నాకు గట్టి నమ్మకం. మా నాన్న ఏడువేల మైళ్లకి పైగా దూరంలో కూర్చుని ఆ పని చేశారు.

నవంబర్‌లో మన ఆటగాడు నేలర్‌ని ఐదేళ్ల కాంట్రాక్టు మీద ఉంచుకున్నారని తెలిసిన రోజు, కూచిపూడి క్లాసుకి వెళ్తుంటే కారులో గజ్జెలు ఒళ్లో పెట్టుకుని అదే నాకు చెప్పింది. డిసెంబర్‌లో పొలాంకో న్యూయార్క్ మెట్స్ జట్టుకి వెళ్లిపోయాడని చదివి, "ఆ పదిహేనో ఇన్నింగ్స్ మాత్రం మనదే అమ్మా" అంది. మా నాన్న మొన్న ఫోన్ చేసినప్పుడు, మార్చి చివర్లో సీజన్ మొదలయ్యాక మన మ్యాచ్‌లు అక్కడ ఎన్నింటికి వస్తాయో రాసి పంపమన్నారట. రాత్రి ఏడింటికి ఇక్కడ మొదలయ్యేవి ఒంగోల్లో పొద్దున ఏడున్నరకి వస్తాయని, ఇడ్లీ తింటూ చూడొచ్చని, వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి పంపింది. కింద ఆటగాళ్ల పేర్లు, నంబర్లు కూడా రాసింది. రాలీ పేరు పక్కన "మన క్యాచర్" అని ఉంది.