బుధవారం మీటింగు

ఈ రోజు దుకాణంలో లెక్కలు ముగిసేసరికి ఆరున్నర దాటింది. గాంధీ రోడ్డు నుండి, తాగుడు మానదలచిన మేమందరం కలుసుకునే మీటింగు గదికి నడిచి వెళ్ళడానికి పావుగంట పడుతుంది. గది తాళంచెవి ఈ నెల నా దగ్గర ఉన్నందువల్ల ఆలస్యం చేయడానికి వీలు లేదు. గల్లాపెట్టె తాళాలు నా చేతికి ఇవ్వడానికి మా యజమాని ఇప్పటికీ ఒక క్షణం ఆలోచిస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. ఈ గది తాళంచెవిని మాత్రం నేను చేరిన మూడో నెలలోనే, ఏదో చీపురు అందించినట్లుగా, నా చేతిలో పెట్టారు.

ఆ గదికి ఎదురుగా ఒక మందుల దుకాణం ఉంది. గత సంవత్సరం రెండు వారాల పాటు నేను ఆ దుకాణం ముందు నిలబడి, అవసరం లేని తలనొప్పి మాత్రలు కొంటూ, ఎదుటి తలుపులోకి ఎవరెవరు వెళ్తున్నారో చూసి ఇంటికి తిరిగి వెళ్ళేవాడిని. తిరుపతి ఎంత పెరిగినా, తెలిసినవారి కంట పడకుండా ఏ సందులోకైనా వెళ్ళగలిగేంత పెద్ద ఊరు కాలేదు. చివరకు లోపలికి వెళ్ళిన రోజు, నేను ఎవరి కంట పడకూడదనుకున్నానో ఆ మా వీధి పెద్దమనిషే కుర్చీలు వేస్తూ కనిపించాడు. ఇద్దరమూ కాసేపు మాట్లాడుకోలేదు.

అసలు ఆ చోటు గురించి నాకు తెలిసిందే ఆలస్యంగా. అంతకు ముందు మానడమంటే నాకు తెలిసిన మార్గం మాల ఒక్కటే. మూడేళ్ళు వరుసగా అయ్యప్ప దీక్ష పట్టాను. 41 రోజులు చుక్క ముట్టలేదు, ఇరుముడితో వెళ్ళివచ్చి మాల తీసిన సాయంత్రానికే సీసా మూత తీశాను. దీక్షలో లోపం లేదు. నేనే మొదటి రోజు నుండి 42వ రోజు కోసం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ ఉండేవాడిని. నాలుగో ఏడు మాల లేకుండా, ఎవరికీ చెప్పకుండా, ఒక్కసారిగా మానేశాను. మూడో రోజు రాత్రి గోడ మీద లేని చీమలు పాకడం చూసి కేకలు పెడితే, మా బావమరిది ఆటోలో ఆస్పత్రికి చేర్చాడు. రోజూ తాగేవాడు వైద్యుని సలహా లేకుండా హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చుననీ, ప్రాణానికే ముప్పు కావచ్చుననీ అక్కడి డాక్టరు మందలించారు. డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీ వెనుక ఒక ఫోను నంబరు రాసి, ఇక మిగిలిన పని వీళ్ళతో చూసుకోమన్నారు. మా ఆవిడ అప్పటికే 14446 అనే ప్రభుత్వ ఉచిత సహాయ నంబరుకు ఫోను చేసి ఉందని నాకు తరువాత తెలిసింది.

మా మీటింగులు ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుండే సంఘానివి. అది మొదలైన తీరులోనూ ఒక ఫోను ఉంది. 1935లో అమెరికాలోని యాక్రన్ పట్టణానికి వ్యాపారం పని మీద వచ్చి, అది చెడిపోయిన బిల్ విల్సన్, హోటల్ లాబీలో ఒక వైపు బారు సందడి వినిపిస్తుండగా, రెండో వైపున్న ఫోను దగ్గరికి వెళ్ళి, తనలాంటి తాగుబోతు ఎవరైనా మాట్లాడడానికి దొరుకుతారా అని ముక్కూమొహం తెలియనివారికి ఫోన్లు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మాలో ఎవరో ఒకరు, తాగుడు నుండి బయటపడడానికి సంఘం చెప్పే పన్నెండు మెట్లకూ అలిపిరి మెట్లకూ ముడిపెట్టి హాస్యమాడతారు. పదోసారికి నవ్వు రాదు.

ఈ రోజు తొమ్మిది మందిమి వచ్చాము. ఫ్యాను ఎప్పటిలాగే గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసింది. కొత్తది కొనిస్తానని బయటివారు ఒకరు ముందుకు వచ్చినా మేము తీసుకోలేదు, సభ్యుల చందాతోనే అన్నీ నడవాలన్నది నియమం. ఆ నియమం మీద నాకున్న గౌరవం ఎండాకాలంలో కొంత తగ్గుతుంది.

ఒక కొత్త మనిషి వచ్చాడు. ఆ గదిలో విన్నది ఆ గదిలోనే ఉండాలి కనుక ఆయన ఊరూ, పనీ, చెప్పిన మాటలూ ఈ పుస్తకంలో కూడా రాయను. చేతులు మాత్రం రాయవచ్చుననుకుంటాను. టీ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నా అంచు పళ్ళకు తగిలి చప్పుడైంది. నేను సగం వరకే పోశాను. నా మొదటి రోజున మా వీధి పెద్దమనిషి నాకు సగమే పోస్తే పిసినారి అనుకున్నాను. నిండుగా పోస్తే ఒలుకుతుందనీ, ఒలికితే మనిషి మళ్ళీ రాడనీ ఆయనకు తెలుసు.

మీటింగు అయిన తరువాత ఆయనను మొదట డాక్టరుకు చూపించుకున్నారా అని అడిగాను. చూపించుకోలేదట. రేపు ఉదయం నేనూ ఆస్పత్రికి తోడు వస్తానని చెప్పాను. మెట్ల దగ్గర ఆగి, "ఎన్ని దినాలు రావల్లన్నా? మాల మాదిరిగా ఇన్ని దినాలని ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"ఈ పొద్దు వచ్చినావు గదా. మళ్ళా శనివారం ఉంది" అన్నాను.

చేతి వణుకుకు ఆయన రాసుకోలేకపోతే, నేనే దుకాణం బిల్లు వెనుక నా నంబరు పెద్ద అంకెలతో రాసి, రాత్రి ఏ వేళకైనా చేయమన్నాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. ఫోను ఛార్జింగుకు పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, తలగడ పక్కన ఉంచుకున్నాను.