గేర్ లైట్ ఎర్రదా, పచ్చదా?

మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు, మొన్న నేను చేసిన విమానం సిమ్యులేటర్ ప్యానెల్‌తో ల్యాండింగ్‌కి వస్తూ "అన్నా, చక్రాలు దిగాయా లేదా" అని అడిగాడు, చూస్తే చక్రాల స్థితి చూపే మూడు గేర్ లైట్లూ ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చాలా బాధేసింది. ఎయిర్‌బస్ ఏ320లో చూడండి, చక్రం దిగి లాక్ అయితే ఆకుపచ్చ త్రిభుజం, లాక్ కాకపోతే ఎర్ర అక్షరాలు, అంటే రంగు తెలియకపోయినా ఆకారం చూసి చెప్పేయొచ్చు. నేనూ అలాగే మార్చేశా. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు, అంటుంది, నా బూడిదరంగు అంకెలు అందులో ఫెయిల్, వాటినీ తెల్లగా చేశా. ఇంక నాబ్‌లు... చేతులు వణికేవాళ్ళకి అంత చిన్నదాన్ని మౌస్‌తో తిప్పడం నరకమే కదా, అందుకే హెడింగ్ నాబ్‌కి (విమానం ఏ దిక్కుకి వెళ్ళాలో పెట్టేది) కీబోర్డు బాణం కీలు పెడుతున్నా, ఒక్కో నొక్కుకి 1 డిగ్రీ, షిఫ్ట్ పట్టుకుంటే 10.