ప్రాచీన నాగరికతలు: ఆన్‌లైన్‌లో ఏం పనికొచ్చింది, ఏం వదిలేశాను

“అక్కా, ప్రాచీన నాగరికతలకు మంచి సైట్లు చెప్పవా?” అని పోటీ పరీక్షలకు చదివే జూనియర్లు అడిగినప్పుడల్లా ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: పుస్తకం ఎంతవరకు వచ్చింది? ఈ టాపిక్‌కి ఆన్‌లైన్‌లో దొరకనిదంటూ లేదు. చిక్కంతా అక్కడే. మెసొపొటేమియా అని కొట్టి కూర్చుంటే సాయంత్రానికి జిగ్గురాట్ల (మెట్లమెట్లుగా కట్టిన గుడి గోపురాలు) మీదుగా గ్రహాంతరవాసుల దాకా వెళ్లిపోతాం. నోట్సులో ఒక్క వాక్యం చేరదు.

నా పద్ధతి సాదాసీదాది. ఒక ప్రామాణిక పుస్తకం పట్టుకుని చాప్టర్ మొత్తం చదివేదాన్ని. అర్థం కానిచోట, అనుమానం వచ్చినచోట, రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెప్పినచోట మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టేదాన్ని. బ్రౌజర్ తెరిచేది ఆ ప్రశ్నార్థకాల కోసమే. జవాబు దొరికిందా, పెన్సిల్ గుర్తు చెరిపి పక్కన ఒక లైను రాయడం, ట్యాబ్ మూసేయడం. చదవడం పుస్తకంలోనే, సైటుకు వెళ్లేది తేల్చుకోవడానికే. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలో వాడినవే.

ముందు తేదీల గొడవ చూద్దాం. ఎక్కువమంది బెదిరిపోయేది ఇక్కడే.

బాబిలోనియా రాజు హమ్మురాబి పాలన ఒక సైట్లో క్రీ.పూ. 1792–1750 అని ఉంటుంది, ఇంకోచోట 1728–1686, వేరొకచోట 1848–1806. ఏదో ఒకటి అచ్చుతప్పు అనుకుని మిగతావి కొట్టేయకండి. బాబిలోనియా రాజుల్లో ఎవరి తర్వాత ఎవరు, ఎవరెన్నేళ్లు ఏలారు అన్నది జాబితాల్లో ఉంది. ఆ వరుసను తీసుకొచ్చి మన క్యాలెండర్‌లో ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే తగువు. హమ్మురాబి వంశంలోనే తర్వాత వచ్చిన అమ్మిసదుక అనే రాజు కాలంలో శుక్రగ్రహం ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు కనుమరుగైంది అని రాసిపెట్టిన వివరాలు, తర్వాతి కాలపు మట్టిపలకల కాపీల్లో మనకు అందాయి. శుక్రుడు కనిపించే తీరు దాదాపు 56, 64 ఏళ్లకు మళ్లీ అలాగే వస్తుంది. అందుకే ఒకే రికార్డుకు ఒకటి కంటే ఎక్కువ కాలాలు సరిపోతాయి. పై మూడు తేదీల్లో మొదటి సంవత్సరాలు తీసుకుని తేడాలు కట్టి చూడండి: 1848కీ 1792కీ మధ్య 56, 1792కీ 1728కీ మధ్య 64. వీటికి హై, మిడిల్, లో క్రోనాలజీ అని పేర్లు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది మిడిల్, అంటే 1792–1750. ఈ సంగతి తెలిశాక మూడు జతలూ బట్టీ పట్టకుండానే గుర్తుండిపోయాయి.

అదే అస్సీరియా చివరి రాజుల దగ్గరికి వచ్చేసరికి ఏ సైటు చూసినా తేదీలు ఇంచుమించు ఒకటే. క్రీ.పూ. 763 జూన్ 15న వచ్చిన సూర్యగ్రహణం వాళ్ల అధికారుల వార్షిక జాబితాలో నమోదైంది. ఖగోళ లెక్కతో ఆ ఒక్క రోజు ఖాయమైపోయింది, దాన్ని పట్టుకుని జాబితా అంతా కుదురుకుంది. కాబట్టి క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో సైట్ల మధ్య తేడా వస్తే సైటును అనుమానించండి. రెండో సహస్రాబ్ది మొదటి సగంలో తేడా వస్తే ఏ క్రోనాలజీ వాడారో చూడండి.

సింధు నాగరికత తేదీలదీ ఇలాంటి కథే, కారణం వేరు. పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ లెక్క క్రీ.పూ. 2500–1500. అప్పటికి రేడియోకార్బన్ పద్ధతి (పాత వస్తువుల్లో మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు కట్టడం) ఇంకా వాడుకలోకి రాలేదు, మెసొపొటేమియాలో దొరికిన వస్తువులతో పోల్చి వేసిన అంచనా అది. తర్వాత కార్బన్ తేదీలు వచ్చాయి, ఆ తేదీలను సరిదిద్దే క్యాలిబ్రేషన్ ఇంకా తర్వాత వచ్చింది. ఇప్పుడు పట్టణ దశకు సాధారణంగా ఇచ్చేది 2600–1900. ప్రశ్నలో “వీలర్ ప్రకారం” అని ఉందో లేదో చూసుకోకుండా జవాబు గుర్తించకండి. ఆన్‌లైన్ వ్యాసాల్లో తేదీ పక్కన “బీపీ” అని కనిపిస్తే అది 1950 నుంచి వెనక్కి లెక్క. దాన్ని నేరుగా క్రీ.పూ. అని నోట్సులోకి దించుకుంటే దాదాపు రెండువేల ఏళ్లు తేడా కొడుతుంది.

ఇక మూల గ్రంథాలు. “ప్రైమరీ సోర్స్ మనలాంటివాళ్లకెందుకు, అది పీహెచ్‌డీ వాళ్ల పని” అనే మాట బాగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. హమ్మురాబి శాసనం ఇంగ్లిష్ అనువాదం యేల్ లా స్కూల్ వాళ్ల అవలాన్ ప్రాజెక్టులో ఉచితంగా ఉంది, ఒక్క పూటలో అయిపోతుంది. గైడ్ పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది: “కన్నుకు కన్ను, పన్నుకు పన్ను.” శాసనం తెరిచి 196 నుంచి 199 వరకు చదవండి. పై వర్గపు మనిషి తనలాంటివాడి కన్ను పోగొడితే వీడి కన్ను తీస్తారు. ముష్కేనుం అనే కింది వర్గంవాడి కన్ను పోగొడితే ఒక మినా (అప్పటి తూకం) వెండి కట్టి బయటపడొచ్చు. బానిస కన్నయితే వాడి ఖరీదులో సగం కడితే చాలు, అదీ యజమానికి. “హమ్మురాబి న్యాయం అందరికీ సమానం” అనే స్టేట్‌మెంట్ ప్రిలిమ్స్‌లో కనిపిస్తే ఇంక ఆలోచించే పనేముంది? మెయిన్స్‌లో ఈ నాలుగు నిబంధనల్నీ నంబర్లతో సహా రాస్తే సమాజంలో అంతరాల గురించి పేజీలకు పేజీలు రాయక్కర్లేదు.

అదే శాసనం గురించి ఇంకో రెండు. నిబంధనలు 282 అనే లెక్క హమ్మురాబి వేసింది కాదు. 1902లో దాన్ని ప్రచురించిన విన్సెంట్ షీల్ వేసిన నంబర్లవి. శాసనం చెక్కిన రాతి స్తంభం కింది భాగంలో కొంత అక్షరాలు చెరిపేసి ఉంది, అక్కడ ఎన్ని పోయాయో అంచనా కట్టి నంబర్లు వదిలేశాడు. రెండోది, ఇది ప్రపంచంలో మొట్టమొదటి చట్టాల సంపుటి కాదు. సుమేరు నగరం ఉర్‌ను ఏలిన ఉర్-నమ్ము పేరుతో ఉన్నది దీనికంటే దాదాపు మూడు శతాబ్దాలు పాతది, అందులో దెబ్బలు, గాయాలకు ఎక్కువగా జరిమానాలే. ఈ రెండూ వరుసగా చదివితే “కాలం గడిచేకొద్దీ శిక్షలు మెత్తబడ్డాయి” అనే సులువు సూత్రం నిలవదు.

మ్యూజియం సైట్లను మనవాళ్లు బొమ్మలు చూసి వదిలేస్తారు. అసలు సరుకు బొమ్మ కింద ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియం, లూవ్ర్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, మూడింటి సేకరణలూ ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. ఒక్కో వస్తువుకు నమోదు సంఖ్య, దొరికిన చోటు, పదార్థం, కొలతలు రాసి ఉంటాయి. హమ్మురాబి స్తంభం లూవ్ర్‌లో ఎస్‌బీ 8. దొరికింది బాబిలోన్‌లో కాదు, ఇరాన్‌లోని సూసాలో, 1901–02 తవ్వకాల్లో. ఆ ప్రాంతపు ఎలాం రాజ్యంవాళ్లు, ఎలామైట్లు, దోచుకుపోయి అక్కడ పెట్టుకున్నారు. ఎత్తు 2.25 మీటర్లు. “ఎక్కడ దొరికింది” అన్న ప్రశ్నకు నలుగురిలో ముగ్గురు బాబిలోన్ అనే పెడతారు.

కొలతల మీద ప్రత్యేకంగా కళ్లు పెట్టండి. పుస్తకంలో అన్ని బొమ్మలూ ఒకే సైజులో అచ్చవుతాయి కాబట్టి మొహెంజొదారో ‘పూజారి రాజు’ నిలువెత్తు విగ్రహమని అనుకునేవాళ్లున్నారు. అది 17.5 సెంటీమీటర్లు. నాట్యకత్తె కంచుబొమ్మ 10.5 సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. సింధు ముద్రలైతే చాలావరకు రెండు మూడు సెంటీమీటర్ల పలకలు. ఈజిప్టు, మెసొపొటేమియాల్లో రాజుల పెద్దపెద్ద విగ్రహాలు, స్తంభాలు ఉన్నాయి, ఇక్కడ అలాంటివి లేవు. “హరప్పా రాజ్య స్వభావాన్ని చర్చించండి” అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి ఎత్తుగడ నాకు తట్టలేదు.

సింధు భాగానికి హరప్పా డాట్ కామ్ ఒక్కటి చాలు. జొనాథన్ మార్క్ కెనోయర్ లాంటి, స్వయంగా తవ్వకాలు జరిపినవాళ్లు రాసిన ఫొటో వ్యాసాలున్నాయి. తవ్వకం గోతుల ఫొటోలు, పూసలకు రంధ్రాలు వేసిన తీరు, కాలువల ఇటుకల వరస దగ్గర్నుంచి చూపిస్తారు. అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ 1931లో మూడు సంపుటాలుగా తెచ్చిన మొహెంజొదారో నివేదిక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. మొత్తం చదవొద్దు, మహాస్నానవాటిక ప్లాను పేజీ చూసి వచ్చేయండి.

రెండు నాగరికతల్ని కలిపే ప్రశ్నలకు మట్టిపలకల డిజిటల్ లైబ్రరీ సీడీఎల్ఐ బాగా పనికొచ్చింది. ప్రతి పలకకూ పీ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, కొన్నింటికి ఫొటో, చదివిన పాఠం, అనువాదం కూడా. మెలూహా అని కొట్టి చూడండి. మెలూహా, మగన్ (ఒమాన్ వైపు), దిల్మున్ (బహ్రెయిన్ వైపు) ఓడలు తన రేవులో ఆగాయని మెసొపొటేమియాలోని అక్కడ్ రాజ్యపు రాజు సార్గోన్ గొప్పగా చెప్పుకున్నాడు. లూవ్ర్‌లో షు-ఇలిషు అనే ఆయన స్థూపాకార ముద్ర ఉంది, దాని మీద అతని హోదా మెలూహా భాషకు దుబాసీ అని. మెలూహా అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వ్యాపారం ఉందనడానికి ముద్రలు, పూసలు అందరూ రాస్తారు. దుబాసీ కావలసి వచ్చేంతగా రాకపోకలు ఉన్నాయని రాసేవాళ్లు తక్కువ.

సుమేరు సాహిత్యానికి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఈటీసీఎస్ఎల్ అనే పాఠాలు, అనువాదాల సైటు ఉంది. కొత్తగా ఏమీ చేర్చడం లేదు, ఉన్నదే మనకు ఎక్కువ. ఈజిప్టుకు లండన్ యూనివర్సిటీ కాలేజీ తయారుచేసిన డిజిటల్ ఈజిప్ట్ పాతకాలపు సైటులా కనిపిస్తుంది, సమాచారం మాత్రం గట్టిది. పిరమిడ్ల కోసం హార్వర్డ్ డిజిటల్ గీజా చూడొచ్చు, సరదాకి ఒకసారి. గ్రీకు, లాటిన్ గ్రంథాలకు టఫ్ట్స్ యూనివర్సిటీ పెర్సియస్. “ఈజిప్టు నైలు కానుక” అని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అన్నాడని రాస్తాం కదా, అది రెండో పుస్తకం అయిదో భాగంలో ఉంది. అక్కడ చదివితే ఆయన చెబుతున్నది నది తెచ్చిన మట్టితో ఏర్పడిన నేల గురించి అని తెలుస్తుంది. చైనా, మధ్య అమెరికాలకు మెట్ మ్యూజియం కళాచరిత్ర టైమ్‌లైన్ వ్యాసాలతో సరిపెట్టాను. సిలబస్‌లో వాటి వాటా అంతే.

రోమ్‌కు మాత్రం స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఆర్బిస్ మీద కాస్త సమయం పెట్టినా నష్టం లేదు. రెండు ఊళ్లు, నెల, ప్రయాణ సాధనం ఎంచుకుంటే క్రీ.శ. 200 ప్రాంతంలో ఎన్ని రోజులు పట్టేది, ధాన్యం తరలింపుకు ఎంత ఖర్చయ్యేది అంచనా చూపిస్తుంది. ఖర్చు లెక్కలకు ఆధారం రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రీ.శ. 301లో ఇచ్చిన ధరల శాసనం. ఒకే సరుకును సముద్రం మీద, బండి మీద పంపి చూడండి. రోమ్ తిండిగింజల కోసం ఈజిప్టు వైపు ఎందుకు చూసిందో, మధ్యధరా మీద పట్టు ఎందుకంత అవసరమైందో ఆ రెండు అంకెలు చెబుతాయి.

వదిలేసినవాటిలో మొదటివి “సింధు లిపి రహస్యం బయటపడింది” వీడియోలు. సింధు రాతల్లో ఒక్కోదానిలో సగటున అయిదు గుర్తులే ఉంటాయి, రొజెట్టా రాయిలాంటి ద్విభాషా శాసనం ఇంతవరకు దొరకలేదు. ఈ రెండు అడ్డంకులూ దాటామని చూపించకుండా చదివేశామనే వీడియోను మొదటి నిమిషంలోనే ఆపేయొచ్చు. చాట్‌బాట్‌లను వాడొద్దని అనను, ప్రశ్నలు తయారుచేయించుకోవడానికి బాగుంటాయి. అవి ఇచ్చే మ్యూజియం నంబర్లు, తేదీలు, పుస్తకాల పేర్లు మాత్రం అసలు సైటులో చూడకుండా నోట్సులోకి రానివ్వకండి. వికీపీడియాలో వ్యాసం కంటే కింద ఉన్న ఆధారాల జాబితా ఎక్కువ ఉపయోగం.

తెలుగు మీడియం వాళ్లకు ఒక సంగతి. ఈ సైట్లలో చాలావరకు ఇంగ్లిష్. బ్రౌజర్ అనువాదం పెట్టుకుంటే విషయం అందుతుంది, పేర్లు మాత్రం చెడిపోతాయి. ప్రతి పేరూ రెండు లిపుల్లోనూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. వెతకడానికీ అదే పనికొస్తుంది, పరీక్ష పేపర్లో తెలుగు పేరు వింతగా ఉంటే ఇంగ్లిష్ పేరుతో సరిచూసుకోవడానికీ అదే.

సైట్లు చిరునామాలు మారుస్తాయి, మూతపడతాయి. నచ్చిన పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, చూసిన తేదీ వేసి. పేజీ కనిపించకుండా పోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా అతికించి చూడండి, తరచుగా దొరుకుతుంది. యునెస్కో జాబితా సంవత్సరాలు మాత్రం యునెస్కో సైటులోనే చూసుకోండి: మొహెంజొదారో 1980, బాబిలోన్ 2019, ధోలావీరా 2021. కోచింగ్ పీడీఎఫ్‌లలో ఇవి తారుమారవడం నేను చాలాసార్లు చూశాను.

పరీక్షకు ముందు నెలలో కొత్త సైటు జోలికి పోలేదు. దాచుకున్న మ్యూజియం ఫొటోల్లో వివరాలు కత్తిరించి, చదువుకునే స్నేహితులం ఒకరికొకరం పంపుకునేవాళ్లం. మూడే ప్రశ్నలు: ఎక్కడ దొరికింది, ఏ కాలం, ఇప్పుడెక్కడుంది. మూడోది అడిగినప్పుడే ఎక్కువ తప్పులు పడేవి. మీరూ మొదలుపెట్టేట్టయితే నార్మర్ పలక, ఉర్ స్టాండర్డ్, రొజెట్టా రాయి, పూజారి రాజు, నాట్యకత్తెతో మొదలుపెట్టండి. ఈ అయిదూ కైరో, లండన్, లండన్, కరాచీ, ఢిల్లీ.